పరదేశంలో పాలమూరు, నల్లగొండ తిండి: ఏది ఏ కొట్టులో, ఏ పేరుతో దొరుకుతుంది

ఇండియన్ స్టోర్‌లో పనీర్ నాలుగు రకాలుంటుంది, బాస్మతి పది రకాలుంటుంది, పుంటికూర మాత్రం ఉండదు. జొన్నపిండి అడిగితే మల్టీగ్రెయిన్ ఆటా చేతిలో పెడతారు. ఇది చూసి చాలామంది ‘మన తిండి ఇక్కడ దొరకదు’ అని రెండో వారానికే ఆశ వదులుకుంటారు. నిజానికి దొరుకుతుంది. కాకపోతే అమ్మే కొట్టు వేరే, పిలిచే పేరు వేరే.

దీనికి కారణం మన పంటల పుట్టిల్లు. పాలమూరు, నల్లగొండ మెట్ట పొలాల్లో పండే జొన్న, సజ్జ, రాగి, బబ్బెర్లు, అనుములు, పుంటికూర, గట్టు మీది చింత అన్నీ ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చినవే. మిరప, పల్లి, మక్క, సీతాఫలం అమెరికా ఖండాల నుంచి వచ్చాయి. కాబట్టి ఇండియన్ స్టోర్‌లో లేని వస్తువును ముందు ఆఫ్రికన్ కొట్టులో, తర్వాత మెక్సికన్, అరబ్, బర్మా కొట్లలో వెతకాలి. ఈ ఒక్క వరుస గుర్తుంటే సగం పని అయినట్టే.

ముందు పేర్లు రాసుకోండి

కొట్టుకు పోయే ముందు ఫోన్‌లో ఒక పట్టిక పెట్టుకోండి. ఒక్కో వస్తువుకు మూడు పేర్లు: మన పేరు, హిందీ లేదా గుజరాతీ పేరు, శాస్త్రీయ నామం. ఆకుకూరలకు మూడోది తప్పనిసరి, ఎందుకంటే ఒకే ఇంగ్లిష్ పేరును నాలుగు మొక్కలకు వాడతారు. ‘సోరెల్’ అంటే లండన్ సూపర్‌మార్కెట్‌లో చుక్కకూర చుట్టం, జమైకా వాళ్ల దుకాణంలో పుంటికూర పువ్వు. శాస్త్రీయ నామంతో ఫొటో తీసి చూపిస్తే ఏ భాషవాడైనా అర్థం చేసుకుంటాడు. కట్ట పట్టుకున్న ఫొటో కాదు, ఆకు, కాడ, పువ్వు విడివిడిగా కనబడే ఫొటో కావాలి.

ఇండియన్ స్టోర్లన్నీ ఒక్కటి కావు. గుజరాతీలు నడిపే దాంట్లో జొన్న, సజ్జ పిండి, ఫ్రీజర్‌లో చిక్కుడు, అనప జాతి గింజలు ఉంటాయి. శ్రీలంక తమిళుల కొట్టులో రాగి, ఉలవలు, తాజా కరివేపాకు, మునక్కాయ ఉంటాయి. చేపకు బంగ్లాదేశీ కొట్టు, మాంసానికి పాకిస్తానీ హలాల్ కొట్టు. అన్నీ ఒకే చోట దొరకాలనుకుంటే ఏదీ సరిగా దొరకదు.

జొన్న

గుజరాతీ కొట్టులో ‘జువార్’ అని, అమెరికా సూపర్‌మార్కెట్‌లో గోధుమ పడని వాళ్ల అరలో ‘సోర్గమ్ ఫ్లోర్’ అని ఉంటుంది. నైజీరియా, ఘనా వాళ్ల కొట్టులో ‘గినీ కార్న్’ అని అడగండి, గింజలు కూడా ఇస్తారు. గల్ఫ్‌లో, సూడాన్ వాళ్ల దుకాణాల్లో ‘దుర్రా’. సజ్జలను అరబ్బులు ‘దుఖ్న్’ అంటారు. రాగిని కెన్యా వాళ్లు ‘వింబి’ అంటారు, గుజరాతీ, మరాఠీ వాళ్ల దగ్గర ‘నాచ్నీ’.

గినీ కార్న్ తెల్లది తీసుకోండి. ఎర్రదాంట్లో కొన్ని రకాలు వగరుగా ఉంటాయి, రొట్టె నాలుక పట్టేస్తుంది. ఆ పక్కనే ‘ఓగీ’ అని ఒకటి ఉంటుంది. అది నానబెట్టి పులియబెట్టిన పిండి, జావకు తప్ప రొట్టెకు పనికిరాదు.

పిండి కొనేటప్పుడు రంగు కాదు, మర పట్టిన తేదీ చూడండి. మర పట్టించి మూడు నెలలు దాటిన జొన్నపిండిలో జిగట పోతుంది, చేదు పడుతుంది. రొట్టె అంచులు పగలడానికి, పెనం మీద వేస్తుంటే మధ్యలో విరగడానికి చేతివాటం కంటే ఈ పాత పిండే పెద్ద కారణం. జొన్నలో గోధుమలో ఉండే బంక ఉండదు, వేడి నీళ్లతో పిండి ఉడికి వచ్చే జిగటే రొట్టెను పట్టి ఉంచుతుంది. అందుకే పరదేశపు ప్యాకెట్ పిండికి చన్నీళ్లు పనికిరావు.

రెండు కప్పుల పిండికి ఒకటిన్నర కప్పు నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి తెర్లించండి. పొయ్యి ఆపి పిండి ఒక్కసారిగా పోసి గరిటె కాడతో కలిపి, మూతపెట్టి 10 నిమిషాలు వదిలేయండి. చెయ్యి పట్టేంత వేడికి వచ్చాక తడి చేత్తో 5 నిమిషాలు గట్టిగా పిసకాలి. ఈ పిసుకుడు దగ్గరే చాలామంది తొందరపడతారు. అరచేతి మడమతో తోస్తూ పిసికితే ముద్ద నున్నగా అవుతుంది, నొక్కితే అంచు పగలదు. పగిలితే ఇంకో చెంచా వేడి నీళ్లు.

చేత్తో తట్టడం రాకపోతే బట్టర్ పేపర్ మీద తట్టండి, సిగ్గుపడేదేమీ లేదు. పెనానికి దళసరి ఇనుపది కావాలి. నాన్‌స్టిక్ దాని మీద జొన్న రొట్టె ఎండుతుంది తప్ప కాలదు. పొడి పిండి అంటిన వైపు పైకి వచ్చేలా వేసి, తడి గుడ్డతో పైన నీళ్లు తుడవండి. ఆ తడి పూర్తిగా ఆరకముందే తిప్పాలి. ఆరినాక తిప్పితే పైపొర బీటలిచ్చి పొంగదు. మంట లేని కరెంటు పొయ్యి అయితే మూడోసారి తిప్పి, మడిచిన గుడ్డతో అంచులు ఒత్తండి, అక్కడే పొంగుతుంది.

గట్కకు పిండి వద్దు. గినీ కార్న్ గింజలను మిక్సీలో ఆపి ఆపి తిప్పి రవ్వ చేసుకోండి. కప్పు రవ్వను గంట నానబెట్టి, నాలుగున్నర కప్పుల నీళ్లతో కుక్కర్‌లో 5 విజిల్స్. మజ్జిగ, పచ్చి ఉల్లిగడ్డ ఉంటే చాలు.

మిగిలిన పిండిని కిలో ప్యాకెట్లుగా ఫ్రీజర్‌లో పెడితే ఆరు నెలలు చేదు పడదు.

ఆకుకూరలు

ఇక్కడే కష్టం, ఇక్కడే దొరికినప్పటి సంతోషం కూడా.

పుంటికూరను కోస్తా వాళ్లు గోంగూర అంటారు. ఎర్ర కాడ రకం శాస్త్రీయ నామం హైబిస్కస్ సబ్దరిఫా. బర్మా వాళ్లకు ఇది రోజువారీ కూర, ‘చిన్ బౌంగ్’ అంటారు. అమెరికాలో బర్మా జనం ఎక్కువున్న ఇండియానా రాష్ట్రంలాంటి చోట్ల వాళ్ల కొట్లలో ఎండకాలం తాజాగా, తక్కిన కాలం ఫ్రీజర్‌లో ఉంటుంది. సెనెగల్ వాళ్లు ‘బిసాప్’, నైజీరియా హౌసాలు ‘యకువా’ అంటారు. బిసాప్ అంటే పువ్వు షర్బత్ కూడా, కాబట్టి ‘ఆకు’ అని గట్టిగా చెప్పండి. మెక్సికన్ కొట్టులో ‘హమైకా’ పేరుతో అమ్మే ఎండు ఎర్ర రేకలు ఇదే మొక్కవి, కానీ వాటిలో పులుపే ఉంటుంది, కూర ఉండదు.

గడ్డకట్టిన పుంటికూరతో తొక్కు చేస్తే నీళ్లు నీళ్లుగా వచ్చి నాలుగు రోజులకే బూజు పడుతుంది. కారణం, ప్యాకెట్‌ను కరగబెట్టి ఆ నీళ్లతోనే మూకుడులో వేయడం. గడ్డగా ఉన్నప్పుడే వెడల్పు మూకుడులో, పెద్ద మంట మీద, నూనె లేకుండా వేయండి. నీరంతా ఇగిరి ఆకు మూకుడుకు అంటుకోబోయేటప్పుడు నూనె పోసి గోలించాలి. ఉప్పు ఆ తర్వాతే. అర కిలో ప్యాకెట్ సగానికన్నా తక్కువ అవుతుంది, ఎండు మిరపకాయలు ఆ లెక్కకే వేసుకోండి.

ఎక్కడా దొరకని ఊళ్లో ఉంటే పప్పు వరకు ఒక సర్దుబాటు ఉంది. 300 గ్రాముల పాలకూరకు 10 గ్రాముల హమైకా రేకలు నానబెట్టి నూరి కలపండి. పప్పు రంగు నల్లబడుతుంది, రుచి దగ్గరికొస్తుంది. తొక్కుకు మాత్రం ఈ ఉపాయం నడవదు.

గంగవాయిల కూర అన్నిటికంటే సులువు. మెక్సికన్లు ‘వెర్దొలాగాస్’, తుర్కీ వాళ్లు ‘సెమిజోటు’, అరబ్బులు ‘బఖ్లా’, ‘రిజ్లా’ అంటారు. గల్ఫ్ కూరగాయల మార్కెట్లలో కట్టలు కట్టలుగా ఉంటుంది. అమెరికా, యూరప్ పెరళ్లలో కలుపు మొక్కగా కూడా మొలుస్తుంది, అయితే దాన్ని పోలిన నేల పాలమొక్క ఒకటి ఉంది. కాడ తుంచితే తెల్లపాలు వస్తే అది గంగవాయిలి కాదు, పారేయండి. దారి పక్కది, గడ్డికి మందు కొట్టిన తోటది కోయొద్దు.

తోటకూర చైనా కొట్టులో ‘యిన్ చోయ్’, బంగ్లాదేశీల దగ్గర ‘లాల్ శాక్’, ‘దాటా శాక్’, జమైకా వాళ్ల దగ్గర ‘కలాలూ’. జమైకా కలాలూ డబ్బాలో ఉప్పు నీళ్లలో ఉంటుంది, అది కొనొద్దు. మెంతికూరకు ఇరాన్ వాళ్ల కొట్టులో ‘శంబలీలె’ అనాలి. మునగాకు ఫిలిప్పీన్స్ వాళ్ల ఫ్రీజర్‌లో ‘మలుంగాయ్’. చుక్కకూర అచ్చంగా దొరకదు, కానీ యూరప్ సోరెల్ దాని దగ్గరి చుట్టమే. పప్పులో తేడా పట్టడం కష్టం, ఉడికితే రంగు మాత్రం గోధుమ రంగుకు తిరుగుతుంది.

కరివేపాకు దొరికిన రోజు నాలుగు గుప్పిళ్లు కొని, కడగకుండా రెమ్మల నుంచి దూసి, డబ్బాలో ఫ్రీజర్‌లో పెట్టండి. కడిగి పెడితే మంచు పట్టి నల్లబడుతుంది. అమెరికాలో నిమ్మ, నారింజ తోటలున్న కాలిఫోర్నియా, ఫ్లోరిడా, టెక్సస్‌లకు కరివేప మొక్కను బయటి నుంచి తీసుకుపోవడం మీద ఆంక్షలున్నాయి. నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగు దీని మీద బతుకుతుంది. మొక్క కావాలంటే ఉన్న రాష్ట్రంలోని నర్సరీలోనే కొనండి.

గుడాలకు, కూరకు గింజలు

బబ్బెర్లు ఎక్కడైనా ఉంటాయి. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో అవి కొత్త సంవత్సరపు తిండి, మామూలు సూపర్‌మార్కెట్‌లోనే సంచులుంటాయి. గారెలకు పాత గింజ పనికిరాదు, నానినా లోపల గట్టిగానే ఉంటుంది. రాత్రంతా నానబెట్టాక గోటితో నొక్కి చూడండి.

పచ్చి అనపగింజలకు గుజరాతీ ఫ్రీజర్‌లో ‘సూర్తీ పాప్డీ లిల్వా’ అని చూడండి. సంక్రాంతి నాటి కూరకు ఇది సరిపోతుంది. ఎండువి ‘వాల్’ పేరుతో ఉంటాయి. దాంట్లో ‘కడ్వా వాల్’ చేదు రకం, మొలకెత్తించి పొట్టు తీసి వండే వాళ్లకు తప్ప వద్దు. ఉలవలు తమిళుల దగ్గర ‘కొల్లు’, హిందీలో ‘కుల్థీ’.

పల్లీలు వేయించినవి కాదు, పచ్చివి, ఎర్ర పొట్టు చిన్నవి కావాలి. అమెరికాలో ‘స్పానిష్’ రకం అంటారు. నువ్వుల్లో కూడా పొట్టు తీసిన తెల్లనివే ఎక్కువగా అమ్ముతారు. సత్తుపిండికి, పచ్చిపులుసులో వేసే పొడికి పొట్టుతో ఉన్నవే రుచి.

పులుపు, కారం, తీపి

పచ్చిపులుసు ఉడకదు కాబట్టి చింతపండు తప్పు అందులో దాగదు. నల్లటి చింతపండు పేస్టు డబ్బా సాంబారుకు నడుస్తుంది, పచ్చిపులుసుకు కాలిన వాసన కొడుతుంది. థాయ్ గడ్డ చింతపండు మంచిదే, కానీ మనదాని కన్నా పులుపు తక్కువ. అర లీటరు నీళ్లకు మనది 25 గ్రాములు వేసే చోట అది 40 గ్రాములు వేయాలి. అట్టపెట్టెలో పొట్టుతో అమ్మే ‘స్వీట్ టామరిండ్’ ఊరికే తినడానికి, పులుసుకు కాదు. తొక్కుకు పచ్చి చింతకాయ ఫిలిప్పీన్స్ వాళ్ల ఫ్రీజర్‌లో ‘సంపలోక్’ అని దొరుకుతుంది.

కారంపొడి అయిపోతే కశ్మీరీ మిర్చి పొడి కొని మోసపోకండి, అది రంగుకే. మెక్సికన్ కొట్టులో ‘చీలే దె ఆర్బోల్’ ఎండు కాయలు మన కారానికి దగ్గర. మూడు వంతులు అవి, ఒక వంతు రంగుకు ‘గ్వాహీయో’ కలిపి, తొడిమలు తీసి, సన్న సెగ మీద వేడెక్కించి, చల్లారాక ఎల్లిగడ్డ, జీలకర్ర, ఉప్పుతో దంచుకోండి.

బెల్లానికి బదులు మెక్సికన్ ‘పిలోన్సియో’, కొలంబియా ‘పనేలా’ రెండూ చెరుకు రసం కాచినవే. మన బెల్లం కంటే గట్టిగా ఉంటాయి కాబట్టి మలీదలో తురిమి వేయాలి.

బియ్యం, సకినాలు

సోనా మసూరి ఇప్పుడు అన్ని చోట్లా ఉంది. 2023 జులైలో భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపినప్పుడు అమెరికా కొట్లలో సంచుల కోసం జనం ఎగబడ్డారు, 2024 సెప్టెంబరులో ఆ నిషేధం ఎత్తేశారు. ఒక సంచి ఎప్పుడూ అదనంగా ఉంచుకోవడం మంచిది, నాలుగు సంచులు మాత్రం వద్దు. పురుగు పడుతుంది.

తపాల చెక్కకు కొన్న బియ్యపు పిండి నడుస్తుంది. థాయ్ ‘ఎరావాన్’ బ్రాండు పిండి కొంటే ఎర్ర అక్షరాల ప్యాకెట్ మామూలు బియ్యానిది, ఆకుపచ్చ అక్షరాలది జిగట బియ్యానిది. ఆకుపచ్చది తెస్తే తపాల చెక్క బంకలా గిన్నెకు పట్టుకుంటుంది. రెండు కప్పుల పిండికి పావు కప్పు నానిన శనగపప్పు, గుప్పెడు పల్లీలు, రెండు చెంచాల నువ్వులు, ఉల్లిగడ్డ, కొత్మీర, వేడి నీళ్లు. దళసరి గిన్నెలో ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి నూనె పోసి, మూతపెట్టి సన్న సెగ మీద 12 నిమిషాలు.

సకినాలకు మాత్రం కొన్న పిండి పనికిరాదు. ఎండిన పిండి చుట్ట తిరగదు, తెగుతుంది. కిలో సోనా మసూరి పచ్చి బియ్యం 5 గంటలు నానబెట్టి, వడగట్టి, గుడ్డ మీద 20 నిమిషాలు ఆరబెట్టి, తడి ఉండగానే కప్పు కప్పు చొప్పున మిక్సీ పట్టి జల్లించండి. గుప్పిట్లో పిసికితే ముద్ద నిలవాలి. 150 గ్రాముల నువ్వులు, 15 గ్రాముల వాము, 20 గ్రాముల ఉప్పు కలిపి, నీళ్లు కొంచెం కొంచెంగా చిలకరించండి. నూలు గుడ్డ మీద చుట్టి అరగంట వదిలితే గుడ్డ తడి పీలుస్తుంది. ఆరకుండా వేస్తే నూనెలో పేలి మీద చిందుతుంది. పాలిస్టర్ గుడ్డ తడి పీల్చదు, పాత నూలు దుప్పటి వెతకండి.

మన మిక్సీ 230 వోల్టులది. అమెరికాలో కరెంటు 120 వోల్టులు కాబట్టి అది నీరసంగా తిరిగి మోటారు వేడెక్కుతుంది. అక్కడికి 110-120 వోల్టుల రకమే కొనండి. బ్రిటన్‌లో, గల్ఫ్‌లో ప్లగ్గు మారిస్తే చాలు.

కూర, చేప

‘మటన్’ అంటే చాలా దేశాల్లో గొర్రె. మేక కావాలంటే ‘గోట్’ అని అడగాలి. పాకిస్తానీ కొట్టులో తలకాయను ‘సిరీ’ అని, కాళ్లను ‘పాయా’ అని, బోటిని ‘ఓజ్రీ’ అని అంటారు. మెక్సికన్ కొట్టులో బోటి చాలాసార్లు ఆవుది, అడిగి కొనండి. నాటుకోడి రుచికి ‘హార్డ్ చికెన్’ లేదా ‘బాయిలర్’ అని అడగండి. గుడ్లు మానేసిన ముసలి కోడి అది, కుక్కర్‌లో 7, 8 విజిల్స్ పడుతుంది. బ్రాయిలర్ కాదు, ఒక్క అక్షరం తేడాతో కూర మొత్తం మారుతుంది.

కృష్ణా చేపలకు అలవాటు పడ్డవాళ్లు బంగ్లాదేశీ ఫ్రీజర్‌లో ‘రుయి’ (రవ్వ), ‘కాత్లా’ (బొచ్చె), ‘షోల్’ (కొర్రమీను) అని చూడాలి. పచ్చి వాసన పోవాలంటే ఉప్పు, పసుపు, నిమ్మరసం రాసి 15 నిమిషాలు ఉంచి కడగండి.

ఆఫ్రికన్ కొట్టులో సీసాల్లో ‘పామ్ వైన్’ కనబడుతుంది. వేడి చేసి నిల్వ పెట్టినది, ఈదు చెట్టు నుంచి పొద్దున దించిన కల్లు అనుకుని కొంటే డబ్బులు, ఆశ రెండూ పోతాయి.

పండ్లు

సీతాఫలానికి బదులు స్పెయిన్, కాలిఫోర్నియాల్లో దాని చుట్టం ‘చెరిమోయా’, ఆస్ట్రేలియాలో ‘కస్టర్డ్ ఆపిల్’ పేరుతో పండే సంకర రకం దొరుకుతాయి. బాలానగర్ పండు అంత గింజలుండవు, అంత తీపి కూడా ఉండదు. కొల్లాపూర్ బేనిషాన్ కావాలంటే అమెరికాలో వేసవిలో విమానంలో వచ్చే ‘బంగినపల్లి’ పెట్టెల కోసం ముందే చెప్పి పెట్టాలి, ధర మాత్రం అడగకండి. నల్లగొండ బత్తాయి అనుకుని ఇరాన్ ‘లీమూ షీరీన్’ కొంటే, కోసిన వెంటనే తినేయండి. కొద్ది నిమిషాలకే చేదెక్కుతుంది.

ఇంటి నుంచి తెచ్చుకునేవి

కారంపొడి, పల్లికారం, నువ్వుల పొడి, వడియాలు, మామిడికాయ తొక్కు ఎక్కువగా ఇబ్బంది లేకుండా వస్తాయి. అయినా అమెరికా, ఆస్ట్రేలియాల్లో ప్రతిదీ డిక్లేర్ చేయాలి. డిక్లేర్ చేసిన వస్తువు వద్దంటే పారేస్తారు, దాచి దొరికితే జరిమానా వేస్తారు. అమెరికాకు బియ్యం, తాజా కరివేపాకు, పండ్లు, మాంసం పచ్చళ్లు తీసుకుపోవద్దు. బియ్యానికి ఖాప్రా అనే గింజ పురుగే కారణం. బ్రిటన్, యూరప్ దేశాలకు మాంసంతో పాటు నెయ్యి, కోవా లాంటి పాల వస్తువులు కూడా కుదరవు.

గల్ఫ్‌కు, సింగపూర్‌కు పోయేవాళ్లు గసాలు ముట్టుకోవద్దు. అక్కడ వాటిని మత్తు పదార్థాల లెక్కలో పెడతారు. అమ్మ కొట్టి ఇచ్చిన మటన్ మసాలాలో గసాలు ఉన్నాయేమో అడిగి మరీ సర్దుకోండి, వాటి బదులు నువ్వులు వేయించి కొట్టమనండి. ఎండు కుడుకలు కూడా సంచిలో వద్దు, నూనె వల్ల నిప్పు ప్రమాదమని విమానాల్లో ఆపుతారు.

తొక్కు పైన తేలే నూనె వంపేసి, రెండు జిప్ కవర్లలో గాలి తీసి, టేపు వేసి, బట్టల మధ్య చెక్-ఇన్ సంచిలోనే పెట్టండి. చేతిసంచిలో తడి పచ్చడి 100 మిల్లీలీటర్లు దాటితే సెక్యూరిటీలో ఆపేస్తారు. నూనె అక్కడికి పోయాక వేడి చేసి చల్లార్చి పోసుకోవచ్చు.

కుండీలో

గింజలు సంచిలో తేకుండా అక్కడే కొనండి. వంటింటి మెంతులే నాలుగు గంటలు నానబెట్టి చల్లితే వారంలో మొలుస్తాయి, నెలకు కోతకొస్తాయి. పుంటికూరకు అడుగు వెడల్పు కుండీ, పూర్తి ఎండ, మంచు పోయాక మే నెల కావాలి. మట్టి చల్లగా ఉన్నప్పుడు వేసిన గింజ కుళ్లిపోతుంది. జానెడు ఎదిగాక కొస తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది. పగలు కురచబడేకొద్దీ పూతకు తిరుగుతుంది, ఆకు చిన్నదవుతుంది. వాతావరణ సూచనలో మొదటి మంచు రాత్రి కనబడగానే, ఆ సాయంత్రమే మొక్క మొత్తం కోసి, ఆకు దూసి, నూనె లేకుండా వాడ్చి, గుప్పెడేసి ముద్దలుగా ఫ్రీజర్‌లో పెట్టుకోండి.